వెన్ను వాతానికి మాత్రలు: నొప్పి బిళ్లలా, జాక్ ఇన్హిబిటర్లా?

వెన్ను వాతం, అంటే వెన్నెముక కీళ్లు వాచి బిగుసుకుపోయే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లకు తెల్లవారుజామున పక్కమీద ఒత్తిగిల్లడమే పెద్ద పని. లేచాక సాక్సు వేసుకోవడానికి వంగాలంటే అరగంట ఆగాలి. దీనికి మింగే మందులు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది నొప్పి బిళ్లలు: నాప్రోక్సెన్, ఇండోమెథసిన్, ఎటోరికాక్సిబ్ లాంటివి. "పెయిన్ కిల్లరే కదా" అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కానీ ఈ జబ్బులో ఇవి నొప్పితో పాటు వాపునీ తగ్గిస్తాయి. అందుకే వైద్యం వీటితోనే మొదలవుతుంది. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి పనిచేయొచ్చు. వీటిలోనే కనీసం రెండు మందులు పూర్తి డోసులో, మొత్తం కనీసం 4 వారాలు వాడి చూశాకే లాభం లేదని తేలుస్తారు. నొప్పి వచ్చినప్పుడే ఒకటి వేసుకుని "పనిచేయలేదు" అంటే అది లెక్కలోకి రాదు. ఇబ్బంది ముఖ్యంగా కడుపులో పుండ్లు, బీపీ, కిడ్నీలతో.

రెండోది జాక్ ఇన్హిబిటర్లు: టోఫాసిటినిబ్ (రోజుకు రెండుసార్లు 5 మి.గ్రా.), ఉపాడాసిటినిబ్ (ఒకసారి 15 మి.గ్రా.). ఇవి వాపు సంకేతాలను కణం లోపలే అడ్డుకుంటాయి. ఈ జబ్బుకు అమెరికాలో వరుసగా 2021, 2022లో అనుమతి వచ్చింది, అదీ టీఎన్‌ఎఫ్ ఇంజెక్షన్లు (వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ని అడ్డుకునేవి) సరిపడనివాళ్లకే. ముందు టీబీ, హెపటైటిస్ పరీక్షలు తప్పవు. తర్వాతా రక్తపరీక్షలు చేయిస్తూనే ఉండాలి. సర్పి రావచ్చు, రక్తం గడ్డకట్టే ముప్పూ ఉంది. వయసు పైబడి, సిగరెట్ అలవాటో గుండెజబ్బో ఉంటే నేనైతే డాక్టర్ని రెండుసార్లు అడుగుతాను.