డబ్బా లేని పోర్ట్రా రోల్స్ కొంటున్నారా? బెంగళూరు ఫిల్మ్ మిత్రులకు హెచ్చరిక

బెంగళూరులో కొడాక్ కలర్ ఫిల్మ్ పోర్ట్రా 400 రోల్స్‌ని డబ్బా లేకుండా విడిగా అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. విదేశీ ప్రయాణం కోసమైతే అసలే వద్దు. నేను కొన్న రోల్స్‌లో ఉన్నది పోర్ట్రా కాదు, సినిమా షూటింగులకు వాడే కొడాక్ విజన్3 500టి. వాడేసిన పోర్ట్రా క్యాసెట్లలోకి, అంటే ఫిల్మ్ చుట్టి ఉండే చిన్న డబ్బీల్లోకి, దాన్ని చుట్టి, కొత్త సరుకని అమ్మారు.

అమ్మినతను మన తెలుగబ్బాయే. ఇందిరానగర్ మెట్రో దగ్గర కలిసి చేతికిచ్చాడు. డబ్బాలేవని అడిగితే "బయటి నుంచి తెప్పించేటప్పుడు బరువు తగ్గుతుందని తీసేస్తారన్నా, సరుకు మాత్రం ఫ్రెష్" అన్నాడు. ధర షాపులో కంటే కాస్త మాత్రమే తక్కువ. క్యాసెట్ అసలుదే, లేబుల్ అసలుదే, మూతలు ఫ్యాక్టరీలో నొక్కినవే.

ఆ రోల్స్‌తో జపాన్‌లోని క్యోటో వెళ్లాను. తెల్లారకముందే 'తత్వవేత్త బాట' అని పిలిచే కాలువ గట్టుకు చేరుకునేవాణ్ణి. మూసి ఉన్న చెక్క తలుపులు, గోడకు ఆనించిన సైకిలు, వాకిలి ఊడుస్తున్న పెద్దావిడ, సందు మలుపులో ఒంటరిగా వెలుగుతున్న కూల్‌డ్రింక్ మెషిన్. కమో నదికి అడ్డంగా తాబేలు ఆకారంలో పేర్చిన రాళ్లున్నాయి. పగలు వాటి మీద పిల్లలు గెంతుతుంటారు. ఆ వేళకు నీళ్ల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. రోల్‌కి 36 ఫ్రేములే కాబట్టి ప్రతిదానికీ ఆగాలి, వెలుతురు చూసుకోవాలి, అప్పుడు నొక్కాలి. అలా ఆగి చూడటం కోసమే కదా మనం ఇంత బరువు మోసుకుని అంత దూరం వెళ్లేది.

నాది నికాన్ ఎఫ్ఎం2 కెమెరా. రోల్ అయిపోతే ఫిల్మ్‌ని ముందుకు జరిపే లివర్ బిగుసుకుంటుంది. ఆ రోజు బిగుసుకున్నట్టే బిగుసుకుని టక్కున వదిలేసింది. రివైండ్ పిడి తిప్పితే పట్టు లేకుండా గిర్రున తిరిగింది. ఫిల్మ్ క్యాసెట్ నుంచి ఊడిపోయి మొత్తం కెమెరాలోనే ఉండిపోయిందన్నమాట. వెనక తలుపు తెరిస్తే వెలుతురు తగిలి ఫిల్మ్ అంతా పాడైపోతుంది. దగ్గర్లోని ఒక చిన్న కెమెరా షాపుకు పరుగెత్తాను. అక్కడి పెద్దాయన నల్ల సంచిలో చేతులు పెట్టి, ఫిల్మ్‌ని జాగ్రత్తగా తీసి, చీకటి డబ్బాలో వేసిచ్చారు. తర్వాత ఖాళీ క్యాసెట్ చూపించారు. అంచు నుంచి వేలెడు పాత ఫిల్మ్ బయటికి వేలాడుతోంది, దాని చివర చిరిగిన టేపు ముక్క. ల్యాబులు డెవలప్ చేశాక క్యాసెట్‌లో కొంచెం ఫిల్మ్ మిగులుతుంది. దానికి కొత్త ఫిల్మ్ అతికించి లోపలికి చుట్టేస్తారు. అందుకే మూత తెరిచిన ఆనవాలే ఉండదు.

మిగతా రోజులకు అక్కడి యొదొబాషి అనే పెద్ద షాపులో ఫిల్మ్ కొనుక్కున్నాను. ఆ రోల్స్ బాగా వచ్చాయి.

బెంగళూరు తిరిగొచ్చాక ల్యాబ్‌లో ఇందిరానగర్‌లో కొన్న రోల్స్ చూసి మెషిన్‌లో వెయ్యం అన్నారు. విజన్3 వెనక రెమ్‌జెట్ అనే నల్లటి కార్బన్ పొర ఉంటుంది. మామూలు కలర్ ఫిల్మ్ కడిగే సి-41 మెషిన్‌లోకి వెళ్తే అది ఊడి రసాయనాలను పాడుచేస్తుంది, వాటిలో పడ్డ ఇతరుల ఫిల్మూ పోతుంది. చివరికి చేత్తో, సినిమా ఫిల్మ్ కడిగే ఇసిఎన్-2 పద్ధతిలో కడిగారు. నెగెటివ్ అంచున 5219 అని ఉంది, అది 500టి నంబరు. టంగ్‌స్టన్ బల్బుల పసుపు వెలుతురుకు చేసిన ఫిల్మ్ కాబట్టి ఉదయపు బొమ్మలన్నీ నీలంగా మారాయి. నీడలు మసక. ఎక్కడో వేడిలో పాతబడిన ముక్కలై ఉంటాయని ల్యాబ్ వాళ్లన్నారు.

అమ్మినతనికి ఫోన్ చేస్తే "ఎయిర్‌పోర్ట్‌లో ఎక్స్‌రే కొట్టేసి ఉంటుందన్నా" అన్నాడు. ఈ జవాబు మీకూ చెబుతారు, నమ్మకండి. కొత్త సిటి స్కానర్లు ఫిల్మ్‌ను పాడుచేసే మాట నిజమే. అందుకే నేను రోల్స్‌ని పారదర్శక కవర్‌లో పెట్టి, చేత్తో చూడమని అడిగి చూపించాను. అయినా ఎక్స్‌రే ఫిల్మ్‌ను మసక చేస్తుంది గానీ టేపు అతికించదు, అంచున 5219 ముద్రించదు.

విజన్3 మంచి ఫిల్మే. చుట్టి అమ్మడమూ తప్పు కాదు. లేబుల్ మీద ఉన్నది ఉన్నట్టు రాసి అమ్మేవాళ్లున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. ఇక్కడ జరిగింది పేరు మార్చి అమ్మడం.

కొనేముందు క్యాసెట్ బయటికి వచ్చి ఉన్న ఫిల్మ్ కొసను చూడండి. ఫ్యాక్టరీ కోత నున్నగా ఉంటుంది, కత్తెర కోత తెలిసిపోతుంది. కొస వెనక వైపు బొగ్గులా నల్లగా ఉండి, వంటసోడా నీళ్లలో తడిపిన దూదితో రుద్దితే మసి అంటితే అది రెమ్‌జెట్. 2025 నుంచి కొడాక్ ఈ పొర లేని విజన్3 కూడా తెస్తోంది, కాబట్టి మసి అంటలేదని ఊరుకోకండి. ఫిల్మ్ అంచుల్లోని రంధ్రాలు చూడండి. మామూలు ఫిల్మ్‌లో అవి మూలలు గుండ్రంగా ఉన్న దీర్ఘచతురస్రాలు. సినిమా నెగెటివ్‌లో రంధ్రాల పక్క అంచులు బయటికి వంగి ఉంటాయి. కొస చూడనివ్వకపోతే డబ్బులు ఇవ్వకండి.

అతను డబ్బు తిరిగివ్వలేదు, అమ్మకం ఆపలేదు. నేను 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. మీరూ చేస్తే బలం పెరుగుతుంది. చెల్లింపు స్క్రీన్‌షాట్లు, చాట్లు, టేపు ఉన్న క్యాసెట్ పారేయకండి. ఇలాంటి రోల్స్ ఇప్పటికే మీ దగ్గర ఉంటే, ల్యాబ్‌కి ఇచ్చేటప్పుడే అనుమానం ఉందని చెప్పండి. కెమెరాలో ఉంటే 36 దాకా లాగకుండా 30 దగ్గరే ఆపి రివైండ్ చేసేయండి.