ఇంటితోపాటు రాజకీయాన్నీ చూపించే తరలింపు సేవ: కాలిఫోర్నియా నుంచి ఫ్రిస్కోకు మారిన కుటుంబం సమీక్ష

కాలిఫోర్నియా విడిచి టెక్సాస్‌కు వచ్చే కుటుంబాల కోసం డాలస్ ఉత్తర శివార్లలో పనిచేస్తున్న ఒక రియల్టర్ బృందం సేవను మేము వినియోగించుకున్నాం. ఇల్లు వెతకడం, రుణదాతను పరిచయం చేయడం, సామాను తరలింపు, పిల్లల బడి నమోదు వరకు అన్నీ ఒకేచోట చూసిపెడతామని వారు చెబుతారు. ‘మీ విలువలకు తగిన ఊరు’ చూపిస్తామని కూడా హామీ ఇస్తారు. ఇల్లు కొనిపెట్టే పనిలో వారికి నేను మంచి మార్కులే వేస్తాను. ఊరి రాజకీయం గురించి వారిచ్చే హామీని మాత్రం నమ్మవద్దని, ముఖ్యంగా మన తెలుగు కుటుంబాలకు, గట్టిగా చెప్పదలచుకున్నాను.

మొదట ఇంటి సంగతి. కాలిఫోర్నియాలో పక్కింటిని ఎంతకు అమ్మారో ఎవరైనా ఇట్టే తెలుసుకోవచ్చు. టెక్సాస్‌లో అమ్మకం ధరను బహిరంగంగా వెల్లడించాలనే నిబంధన లేదు కాబట్టి, ఏజెంటు దగ్గరుండే అమ్మకాల వివరాలే కొనుగోలుదారుకు ఆధారం. మా ఏజెంటు ఆ వివరాలను దాచకుండా ముందు పెట్టి, అడిగిన ధర ఎక్కడ ఎక్కువో తానే చూపించారు. ఈ ప్రాంతపు బంకమట్టి వానకు ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంది. అందువల్ల ఇటుక గోడమీద మెట్లు మెట్లుగా పాకిన పగుళ్లను, చౌకట్టుకు పట్టేస్తున్న పడకగది తలుపును ఆయన వేలు పెట్టి చూపించి, ఫౌండేషన్ ఇంజనీరును పిలవకుండా సంతకం పెట్టవద్దన్నారు. ఆ ఇల్లు వదులుకున్నాం.

పన్నుల విషయంలోనూ అంతే నిజాయితీగా ఉన్నారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదన్న మాట ఒక్కటే పట్టుకుని వచ్చేవారు చాలామంది. కాలిఫోర్నియాలో ఓటర్లు ఆమోదించిన 1978 నాటి 13వ ప్రతిపాదన అనే చట్టం, ఆస్తిపన్ను లెక్కకట్టే ఇంటి విలువను ఏడాదికి 2 శాతానికి మించి పెరగనివ్వదు. ఇక్కడ ఆ స్థాయి రక్షణ లేదు, పన్ను రేటూ ఎక్కువే. కొత్త లేఅవుట్లలో నీటి, మురుగు సదుపాయాల కోసం ఏర్పడిన ప్రత్యేక జిల్లాల పన్ను దానికి అదనం. దాదాపు ఒకే ధర పలికిన రెండు ఇళ్ల పన్ను రసీదులను పక్కపక్కన పెట్టి చూపించినప్పుడు, నెల వాయిదాలో ఎంత తేడా వస్తుందో మాకు అర్థమైంది.

తరువాత ఆయన టాబ్లెట్ మీద రిపబ్లికన్లకు ఎరుపు, డెమొక్రాట్లకు నీలం రంగు వేసిన పటం తెరిచారు. నాకు అభ్యంతరం మొదలైంది అక్కడే. ఏ వీధి అవతల రిపబ్లికన్లకు ఎక్కువ ఓట్లు పడ్డాయో, ఏ పేట ‘ఇంకా భద్రంగా’ ఉందో తడుముకోకుండా చెప్పారు. ఫ్రిస్కోలోని కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి దగ్గరలో తెలుగువారు ఎక్కువగా ఉండే కాలనీ ఏదని నేను అడిగితే మాత్రం ఆగిపోయి, ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం తనకు చట్టరీత్యా కుదరదన్నారు. ఆయన జాగ్రత్త సరైనదే. 1968 నాటి న్యాయమైన గృహవసతి చట్టం జాతి, రంగు, మతం, జన్మదేశం వంటి కారణాలతో కొనుగోలుదారులను ఒక ప్రాంతం వైపు నడిపించడాన్ని నిషేధిస్తుంది. రాజకీయ అభిప్రాయం ఆ జాబితాలో లేదు. ఆ వెసులుబాటు మీదనే ‘విలువల’ వ్యాపారమంతా నడుస్తోంది.

పటంలోని అంకెలు అబద్ధం కావు. వాటిని చదివే తీరులోనే తప్పుంది. టెక్సాస్‌లో ఓటరుగా నమోదయ్యేటప్పుడు ఏ పార్టీయో రాయించుకోరు కాబట్టి, ఆ పటం గత ఎన్నికల్లో పడిన ఓట్లను మాత్రమే చూపుతుంది, ఇప్పుడు అక్కడెవరు ఉంటున్నారో చెప్పదు. ఫ్రిస్కో నగరంలో అధిక భాగం కాలిన్ కౌంటీలో ఉంది, ఆ కౌంటీనే చూడండి. 2012 అధ్యక్ష ఎన్నికలో అక్కడ రిపబ్లికన్ అభ్యర్థి మిట్ రామ్నీ ఆధిక్యం సుమారు 31 శాతం పాయింట్లు. 2016లో ట్రంప్ ఆధిక్యం దాదాపు 17కు, 2020లో 4కు కాస్త అటూఇటూగా పడిపోయి, 2024లో మళ్లీ 10 దాటింది. 2010లో లక్షా పదిహేడు వేలున్న ఫ్రిస్కో జనాభా 2020 నాటికి రెండు లక్షలు దాటింది. ఇంతగా జనం మారుతున్న చోట, పన్నెండేళ్లలో ఇన్ని మలుపులు తిరిగిన కౌంటీకి ఒక రంగు పూసి, ఇరవై, ముప్పై ఏళ్ల రుణం తీసుకునే కుటుంబానికి చూపడం సరికాదు.

‘కాలిఫోర్నియా నుంచి వచ్చేవారే టెక్సాస్‌ను నీలంగా మారుస్తున్నారు’ అన్న మాటను మా ఏజెంటు కూడా ఒకటికి రెండుసార్లు అన్నారు. ఈ మాట నాకు బాధ కలిగించింది, ఎందుకంటే ఆధారాలు చాలావరకు దీనికి ఎదురు నిలుస్తున్నాయి. 2018 సెనేట్ ఎన్నికలో ఓటర్లను అడిగి చేసిన సర్వే ప్రకారం, టెక్సాస్‌లో పుట్టినవారిలో డెమొక్రాట్ బీటో ఓరూర్క్‌కు స్వల్ప ఆధిక్యం రాగా, బయటి నుంచి వచ్చి స్థిరపడినవారు రిపబ్లికన్ టెడ్ క్రూజ్‌కు స్పష్టమైన ఆధిక్యం ఇచ్చారు. మూడు పాయింట్ల లోపు తేడాతో క్రూజ్ గెలిచిన ఎన్నిక అది. ఓటరు నమోదులో పార్టీ కూడా రాసే ఐడహో రాష్ట్రంలోనూ కాలిఫోర్నియా నుంచి వచ్చిన ఓటర్లలో ఎక్కువమంది రిపబ్లికన్లుగానే నమోదయ్యారు. అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని కూడా చెప్పలేం. 2004లో రిపబ్లికన్ జార్జ్ బుష్ గెలిచిన కొలరాడో 2008 నుంచి డెమొక్రాట్ల వైపే ఉంది. 2020లో బైడెన్ 11,779 ఓట్లతో గెలిచిన జార్జియాలో అట్లాంటా శివార్లకు వచ్చి చేరినవారి పాత్ర కాదనలేనిది. ఎవరు వస్తున్నారు, ఏ వయసులో, ఏ పని కోసం వస్తున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

రాష్ట్రానికే రంగు పూసినా లెక్క తప్పుతుంది. 2020లో ట్రంప్‌కు అన్నింటికన్నా ఎక్కువ ఓట్లు ఇచ్చిన రాష్ట్రం కాలిఫోర్నియా, అరవై లక్షల పైచిలుకు. అదే ఎన్నికలో బైడెన్‌కు న్యూయార్క్‌లో కంటే టెక్సాస్‌లో ఎక్కువ ఓట్లు పడ్డాయి. కాలిఫోర్నియా నుంచి ఒక్క 2022లోనే లక్షకు పైగా జనం టెక్సాస్‌కు మారినట్లు జనగణన సంస్థ అంచనా. వీరిలో అధికులను కదిలించింది ఉద్యోగం, ఇంటి ధర, కుటుంబం. టొయోటా తన అమెరికా ప్రధాన కార్యాలయాన్ని కాలిఫోర్నియాలోని టారెన్స్ నుంచి డాలస్ శివారులోని ప్లేనోకు మార్చినప్పుడు దాని వెంట వచ్చిన ఉద్యోగులు ఎరుపు, నీలం చూసుకుని రాలేదు.

ఈ సేవ ఒక్క మాటైనా ప్రస్తావించని అంశం మరొకటుంది, అది మనవారికి అన్నింటికన్నా దగ్గరిది. అమెరికా ప్రతినిధుల సభలోని 435 స్థానాలను పౌరుల సంఖ్యను బట్టి కాక, నివసించే మొత్తం జనాభాను బట్టి పంచుతారు. 2020 జనగణన తరువాత టెక్సాస్‌కు రెండు స్థానాలు పెరిగి 38 అయ్యాయి. కాలిఫోర్నియా తన చరిత్రలో మొదటిసారి ఒక స్థానం కోల్పోయి 52కు తగ్గింది. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లూ ఆ మేరకే మారాయి. హెచ్‌1బీ వీసా మీద గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మా అన్నయ్యగారి కుటుంబం ఫ్రిస్కోలోనే ఉంటోంది. వారికి ఓటు లేదు, కానీ వారి ఉనికి టెక్సాస్ బలంలో లెక్కకు వచ్చింది. ఆ బలం ఎవరి చేతిలో పడుతుందో నియోజకవర్గాల సరిహద్దు గీతలు తేలుస్తాయి. అంతకుముందు పూర్తిగా కాలిన్ కౌంటీలోనే ఉన్న 3వ నియోజకవర్గాన్ని 2021లో మార్చి, కౌంటీలో కొంత భాగాన్ని పక్కనున్న హంట్ కౌంటీతో కలిపారు. 2025లో టెక్సాస్ మళ్లీ గీతలు మార్చగా, కాలిఫోర్నియా ఓటర్లు తమ రాష్ట్రపు గీతలనూ మార్చే 50వ ప్రతిపాదనను ఆమోదించి దానికి బదులిచ్చారు. వీధి స్థాయి పటం చూసి ఇల్లు కొన్నవారికి ఇవేవీ కనిపించవు.

ఇల్లు చేతికొచ్చాక వారిచ్చిన పనుల జాబితా చక్కగా ఉంది: 30 రోజుల్లో వాహన నమోదు, 90 రోజుల్లో డ్రైవింగ్ లైసెన్సు, కరెంటు కనెక్షన్, టోల్ ట్యాగు. ఓటరు నమోదు మాత్రం అందులో లేదు. రాజకీయాన్ని ముందు పెట్టి కుటుంబాలను పిలిచే సేవలో ఇది చిన్న లోపం కాదు. కాలిఫోర్నియాలో మోటారు వాహనాల కార్యాలయంలోనే నమోదు దానంతటదే జరిగిపోతుంది, బ్యాలెట్ తపాలాలో ఇంటికే వస్తుంది. టెక్సాస్‌లో కొత్తగా నమోదయ్యేవారు సాధారణంగా సిరా సంతకంతో దరఖాస్తు పంపాలి, అదీ ఎన్నికకు 30 రోజుల ముందే. 65 ఏళ్లలోపువారికి ప్రత్యేక కారణం ఉంటే తప్ప తపాలా బ్యాలెట్ ఉండదు. ఈ సంగతి తెలియక మొదటి ఎన్నికకు దూరమైన మనవారు నాకు తెలుసు. ఫోన్ చేసి అడిగితే ఏజెంటు మర్యాదగా విని, జాబితాలో చేరుస్తామన్నారు.

ఖర్చు విషయానికి వస్తే, 2024 ఆగస్టు నుంచి ఇళ్లు చూడకముందే కొనుగోలుదారు ఏజెంటుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవలసి ఉంది. కమిషన్ ఎంతో, దాన్ని అమ్మేవారు చెల్లించకపోతే మీ మీద ఎంత పడుతుందో ఆ కాగితంలోనే తేల్చుకోండి. మేము బేరమాడితే కొంత తగ్గించారు. ఫౌండేషన్, పన్నులు, ధరల విషయంలో ఈ బృందాన్ని నిస్సంకోచంగా పిలవవచ్చు. రంగుల పటం తెరిచినప్పుడు మాత్రం 2012 నుంచి ప్రతి ఎన్నిక అంకెనూ విడిగా చూపమని అడగండి.