ఇంజిన్ మౌంటింగ్‌లు: 7 నెలల సెట్టు, నాలుగేళ్ల సెట్టు

నా కారుకు ఇంజిన్ మౌంటింగ్‌లు, అంటే ఇంజిన్‌ను బండికి పట్టి ఉంచి దాని అదురును మింగే రబ్బరు, లోహపు దిమ్మలు, రెండుసార్లు మార్చాను. మొదటి సెట్టు 7 నెలలకే పోయింది. రెండోది నాలుగేళ్లు దాటి, 62 వేల కిలోమీటర్లు తిరిగింది. అందులో రెండు మౌంటింగ్‌లు ఇప్పటికీ పని చేస్తున్నాయి. రెండు సెట్లూ ఒకే తయారీదారువి, పార్టు నంబర్లు కూడా అవే. అందుకే ఈ సరుకు మంచిదా కాదా అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను. మంచిది చేతికొస్తే బాగా మన్నుతుంది. చేతికొచ్చింది ఎలాంటిదో బిగించకముందే తేల్చుకోవాలి.

మొదటిసారి నేను ఆ పని చేయలేదు. పెట్టెలు విప్పాం, బిగించాం, బానెట్ మూశాం. కొన్నాళ్లు హాయిగా నడిచింది. ఆరో నెలలో, ఏసీ వేసుకుని ఎక్కడైనా ఆగితే లోపలి అద్దంలో వెనక బండి దీపాలు ఒకటికి రెండుగా కనిపించసాగాయి. తర్వాత రివర్స్ గేరు వేసి క్లచ్చు వదిలినప్పుడల్లా కింద డక్కుమని ఒక దెబ్బ. విప్పి చూస్తే గేరుబాక్సు వైపు మౌంటింగులో రబ్బరు లోపలి ఇనుప గొట్టాన్ని వదిలేసి ఉంది. ఎక్కడా చిరగలేదు, ఒక వైపంతా పొలుసులా ఊడివచ్చింది. ఆ చోట ఇనుము మీద రబ్బరు నలుసు కూడా లేదు, తోమిపెట్టిన గిన్నెలా నున్నగా ఉంది.

ఆ నునుపే అసలు సంగతి చెప్పింది. మౌంటింగు తయారు చేసేటప్పుడు లోహపు ముక్కకు ముందే జిగురు పూసి, అచ్చులో పెట్టి, రబ్బరును అక్కడే వేడితో గట్టిపరుస్తారు. అతుకు సరిగ్గా పడితే, భారం మితిమీరినప్పుడు రబ్బరే తెగుతుంది, లోహం మీద దాని పొర మిగిలిపోతుంది. లోహం శుభ్రంగా బయటపడిందంటే అతుకే పడలేదన్నమాట. జిగురు పూసే ముందు ఇనుము మీద కాస్త నూనె జిడ్డు మిగిలినా ఇలా జరుగుతుంది. బిగించడంలో మా తప్పు కూడా కొంత ఉండవచ్చు, దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండో సెట్టు వచ్చినప్పుడు అందులోని మూడింటినీ (ఇంజిన్ వైపుది, గేరుబాక్సు వైపుది, ఇంజిన్ ముందుకూ వెనక్కూ ఊగకుండా పట్టే టార్క్ రాడ్) కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టుకుని కూర్చున్నాను. రబ్బరు మీద తెల్లని బూజులాంటి పొర చూసి పాత సరుకు అంటగట్టారని మొదట అనుమానించాను. అది మైనం. ఓజోన్ వల్ల రబ్బరు బీటలు వారకుండా కలిపేది, నెమ్మదిగా పైకి తేలుతుంది. గుడ్డతో తుడిస్తే పోయింది. వయసు తెలుసుకోవడానికి దానికన్నా మంచి ఆధారం అచ్చు గుర్తు. చాలా మౌంటింగ్‌ల మీద గడియారంలాంటి చిన్న చక్రం, అందులో నెలల అంకెలు, మధ్యలో బాణం, దాని పక్కన సంవత్సరం ఉంటాయి.

ఎక్కువ సమయం పట్టింది రబ్బరు, లోహం కలిసే గీత దగ్గరే. బొటనవేలితో రబ్బరును పక్కకు నొక్కుతూ ఆ గీత వెంబడి కళ్లు తిప్పాలి. ఎక్కడైనా సన్నని నల్లటి నోరు తెరుచుకుంటే ఆ చోట సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజిలోని 0.05 మిల్లీమీటర్ల రేకు పెట్టి చూడాలి. రేకు లోపలికి జారితే ఇక ఆలోచించనక్కర్లేదు, వెనక్కి పంపడమే. అయితే ఇక్కడే తేలిగ్గా మోసపోతాం. అచ్చు కలిసే చోట రబ్బరు కొద్దిగా పొంగి, లోహం మీదకు పల్చని పొరగా పాకుతుంది. గోరుతో గీకితే అది లేస్తుంది. నేను కంగారుపడి దాన్నే ఊడుతున్న అతుకు అనుకున్నాను. పొరను బ్లేడుతో కోసేస్తే కింద అసలు అతుకు గట్టిగానే ఉంది.

ఇంకో భ్రమ రబ్బరులోని ఖాళీలది. గేరుబాక్సు వైపు మౌంటింగులో, టార్క్ రాడ్ చివరి బుష్షులో (రబ్బరు గుండులో) చంద్రవంక ఆకారంలో సందులుంటాయి. ఇంజిన్ ఒక దిశలో మెత్తగా, మరో దిశలో గట్టిగా ఆగడానికి కావాలనే అలా వదులుతారు. వాటి చివరలు గుండ్రంగా, లోపలి గోడలు నున్నగా ఉంటాయి. చిరుగైతే చివర సూది మొనలా ఉండి, లోపల గరుకుగా, మసకగా కనిపిస్తుంది. ఈ తేడా తెలియకుండానే కొట్టుకు ఫోన్ చేసి గొడవ పడ్డాను. తర్వాత క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఇంజిన్ వైపుది ద్రవం నింపిన మౌంటింగ్. లోపల గ్లైకాల్ ఉంటుంది, తొందరగా ఆరిపోదు. బండిలో ఉండే తీరునే నిలబెట్టి, కింద తెల్ల కాగితం పరిచి రాత్రంతా వదిలేశాను. పొద్దున కాగితం మీద చిల్లర నాణెమంత తడి వలయం. వేలితో తాకితే జిగటగా ఉంది. దాన్ని తిప్పి పంపి మరొకటి తెప్పించాను. దానికీ ఇదే పరీక్ష పెట్టాను, కాగితం పొడిగానే ఉంది.

లోహపు భాగాలకు అంత సేపు పట్టలేదు. నట్టును చేత్తోనే మర చివరిదాకా తిప్పాను, స్టడ్డు (తల లేని బోల్టు) నిటారుగా ఉందో లేదో చూశాను, అల్యూమినియం పోతలో సూది బెజ్జాలు గుంపుగా ఎక్కడైనా ఉన్నాయేమో వెతికాను. బోల్టు రంధ్రాల దూరం కోసం పాతదాన్ని అట్ట మీద పెట్టి పెన్సిలుతో గుర్తులు గీసుకుని, కొత్తదాన్ని వాటి మీద ఉంచాను. ఎత్తు మాత్రం పాతదానితో పోల్చకూడదు. పాతది ఏళ్ల తరబడి బరువు మోసి కుంగిపోయి ఉంటుంది, దాని పక్కన సరైన కొత్తది కూడా తప్పుగా కనిపిస్తుంది.

చేతి పరీక్షకు అందనిది రబ్బరు గట్టిదనం. బొటనవేలికి మూడూ ఒకేలా తోచాయి, బిగించాక మాత్రం మొదటి వెయ్యి కిలోమీటర్లు ఐడ్లింగులో స్టీరింగ్ కొద్దిగా గుర్రుమంటూనే ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ 750 ఆర్‌పీఎం మీద సెకనుకు 25 సార్లు మండుతుంది, రబ్బరు కాస్త గట్టిదైనా ఆ అదురు లోపలికి వస్తుంది. తర్వాత అది తగ్గింది.

ఇక మా తప్పు. మొదటిసారి ఇంజిన్ జాకీ మీద వేలాడుతుండగానే బోల్టులన్నీ పూర్తిగా బిగించేశాం. అలా చేస్తే రబ్బరు మెలిపడిన స్థితిలోనే ఉండిపోతుంది, మంచి మౌంటింగు కూడా త్వరగా పోతుంది. రెండోసారి ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి ఎత్తాం, బోల్టులు వదులుగా ఎక్కించాం, ఇంజిన్‌ను దించి నాలుగైదుసార్లు అటూఇటూ ఊపి, అది తన చోట కుదురుకున్నాకే మాన్యువల్లో చెప్పిన టార్కుకు (తిప్పే బలానికి) బిగించాం. కాబట్టి నాలుగేళ్ల మన్నికంతా పరీక్ష పుణ్యమేనని అనలేను. మొదటిదాని ఇనుము అంత శుభ్రంగా బయటపడటానికి మాత్రం బిగింపు కారణం కాదు.

టార్క్ రాడ్‌ను మూడో ఏట మార్చాల్సి వచ్చింది. బుష్షు వదులైంది, అతుకు మాత్రం ఊడలేదు. ఏడాదికోసారి హ్యాండ్ బ్రేకు లాగి, ఒకరు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి మొదటి గేరులోనూ రివర్సులోనూ క్లచ్చును కొద్దిగా వదులుతుంటే, నేను కారుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి ఇంజిన్ ఎంత లేస్తుందో చూస్తాను. గేరుబాక్సు వైపు రబ్బరు అంచున ఈ ఏడు వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి, పైపైనే ఉన్నాయి. మళ్లీ కొనాల్సి వస్తే ఇదే తయారీదారువి కొంటాను. పెట్టె విప్పాక కూడా వెనక్కి తీసుకుంటామని రసీదు మీద రాసిచ్చే చోటే కొంటాను.