మేడ మీది సోలార్ కరెంటు యూనిట్ ఎంతకు పడింది? ఏళ్ల తరబడి వాడాక నా లెక్క

ప్యానెళ్లకు పదికి తొమ్మిది, వాటి కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌కు ఆరు, అమ్మేటప్పుడు చూపించిన లెక్కలకు నాలుగు. మార్కులు ముందే వేసేశాను, ఇక కారణాలు.

మా మేడ మీద రెండు తరాల ప్యానెళ్లున్నాయి. మొదట పెట్టించినవి నీలి రంగు పాలీక్రిస్టలైన్ రకం, ఒక్కోటి 260 వాట్లు. చాలా ఏళ్లకు ఇంట్లో వాడకం పెరిగితే పక్కనే మరికొన్ని వేయించాం. ఇవి నల్లటి మోనో పెర్క్ రకం, ఒక్కోటి 540 వాట్లు. పాతవాటికి చదరపు మీటరుకు 160 వాట్ల సామర్థ్యముంటే కొత్తవాటికి 210 దాకా ఉంది. నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం అది కాదు, కొటేషన్. మొదటిసారి ఖర్చులో సగానికి పైగా ప్యానెళ్లే మింగాయి. రెండోసారి వాటి వాటా చిన్నదైపోయింది. ఇనుప స్టాండు, కేబుళ్లు, ఎర్తింగ్, ఇన్వర్టర్, కూలీ, అనుమతుల కాగితాలు, ఇవన్నీ కలిసి పెద్ద వాటా పట్టుకుపోయాయి.

ప్రపంచమంతా జరిగింది ఇదే. 1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాల చూపించిన సిలికాన్ సెల్ తన మీద పడ్డ ఎండలో 6 శాతాన్నే కరెంటుగా మార్చగలిగింది. 1976లో ప్యానెల్ ధర, ఇప్పటి డబ్బు విలువలో చెప్పాలంటే, వాట్‌కు వంద డాలర్ల పైమాటే. 2019 నాటికి 40 సెంట్ల లోపుకొచ్చింది. 2024లో టోకు మార్కెట్లో 10 సెంట్ల దరిదాపుల్లో నడిచింది. ప్రపంచంలో బిగించిన ప్యానెళ్ల మొత్తం రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు 20 శాతం చొప్పున దిగుతూ వచ్చింది. కూలీకి, ఇనుముకు అలాంటి సూత్రమేమీ లేదు. కాబట్టి "ప్యానెళ్లు ఇంకా చవకవుతాయట, ఆగుదాం" అనేవాళ్లకు నేను చెప్పేదొకటే: అవి రేపు సగానికి దిగినా మీ మొత్తం ఖర్చు సగం కాదు. ఆగిన ఏడాది బిల్లు మాత్రం పూర్తిగా కట్టాల్సిందే.

చరిత్రలోనే అత్యంత చవక కరెంటు సోలార్ అని 2020లో అంతర్జాతీయ ఇంధన సంస్థ నివేదిక వచ్చినప్పుడు ఆ మాట అందరి నోటా నానింది. ఆ మాట మంచి ఎండ కాసే చోట, తక్కువ వడ్డీకి డబ్బు పుట్టే భారీ సోలార్ క్షేత్రాల గురించి. ఇంటి మీద నాలుగు ప్యానెళ్లు బిగిస్తే యూనిట్ అంత చవగ్గా రాదు. రానక్కర్లేదు కూడా. పెద్ద ప్లాంటు తన కరెంటును టోకు ధరకు అమ్ముకోవాలి. మన ప్యానెల్ పోటీ పడేది ఆ ధరతో కాదు, లైన్లు, సబ్‌స్టేషన్లు, సరఫరా నష్టాలు, పన్నులు అన్నీ కలిసి మన మీటరు దగ్గరికొచ్చేసరికి తేలే చిల్లర ధరతో. మేడ మీద పుట్టిన కరెంటు కిందికి దిగడానికి పది మీటర్ల వైరు చాలు.

సరే, యూనిట్ ఎంతకు పడింది? ఎవరైనా వేసుకోగల లెక్క ఇది. ఎండ బాగుండే చోట ఒక కిలోవాట్ ప్యానెళ్లు ఏడాదికి 1400 యూనిట్లు ఇస్తాయనుకోండి (మబ్బు ఎక్కువుండే ప్రాంతాల్లో 1000 లోపే). 25 ఏళ్లకు 35,000. ఏటా అర శాతం చొప్పున ప్యానెల్ ముసలిదవుతుంది. దుమ్ము, నీడ, కరెంటు కోతలు కొంత తింటాయి. 30,000 అనుకుందాం. కిలోవాట్‌కు అయిన మొత్తం ఖర్చు, మధ్యలో ఒకసారి ఇన్వర్టర్ మార్చే ఖర్చుతో సహా, ఆ 30,000తో భాగిస్తే వచ్చేదే మీ సోలార్ యూనిట్ ధర. దాన్ని మీ బిల్లులో చివరి యూనిట్‌కు పడే ధరతో పోల్చండి, సగటుతో కాదు. శ్లాబుల పద్ధతి ఉన్నచోట సోలార్ ముందుగా ఎగరగొట్టేది పైశ్లాబులో ఉన్న ఖరీదైన యూనిట్లనే.

అమ్మేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. నేను నాలుగు మార్కులే వేసింది అందుకు. డబ్బంతా మొదటిరోజే పెట్టి, కరెంటును పాతికేళ్లపాటు నిదానంగా తీసుకుంటున్నాం కదా, వడ్డీ సంగతేంటి? ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చే యూనిట్ ఈ రోజు చేతికొచ్చే యూనిట్ అంత విలువ చేయదు. 6 శాతం వడ్డీతో ఆ తరుగు తీసేసి చూస్తే భాగించాల్సిన అంకె 30,000 నుంచి దాదాపు 16,000కు పడిపోతుంది. అంటే యూనిట్ ధర రెట్టింపుకు దగ్గరగా వెళ్తుంది. అలా వేసినా మా ఇంటి లెక్కలో సోలారే గెలిచింది. కాకపోతే అది "ఇక కరెంటు ఫ్రీ" అని ఊదరగొట్టిన స్థాయి గెలుపు కాదు. దీనికి మరోవైపు కూడా ఉంది. గ్రిడ్ ధర ఏళ్లు గడిచేకొద్దీ మారుతుంది, ఎక్కువగా పైకే. మేడ మీది యూనిట్ ధర మాత్రం బిగించిన రోజే ఖాయమైపోతుంది. నాకు సోలార్‌లో అన్నిటికన్నా నచ్చింది ఈ గుణమే.

వాడకంలోకి వస్తే, ప్యానెళ్ల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అదే వాటి గొప్పతనం. కదిలే భాగం లేదు, చప్పుడు లేదు. దుమ్ము పేరుకుంటే తెల్లవారుజామున, గాజు వేడెక్కకముందే, నీళ్లతో కడిగితే చాలు. పక్షుల రెట్టలకు మాత్రం మెత్తని బ్రష్ కావాలి. వేడి సంగతి చాలామందికి తెలియదు. ప్యానెల్ మీద రాసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. మండుటెండలో సెల్ 65 డిగ్రీలకు చేరితే, డిగ్రీకి 0.4 శాతం చొప్పున, ఆ పాత నీలి ప్యానెళ్లు 16 శాతం వదులుకుంటాయి. అందుకే మిట్టమధ్యాహ్నం మీటరు చూసి "మోసపోయామా?" అని కంగారు పడొద్దు. గాలి ఆడేలా మేడకు, ప్యానెళ్లకు మధ్య ఖాళీ వదిలారా లేదా అన్నది చూసుకోండి.

నీడ ఇంకా పెద్ద శత్రువు. ఒక వరుసలోని ప్యానెళ్లన్నీ ఎడ్లబండ్ల బారులాంటివి, ముందు బండి ఆగితే వెనకవీ ఆగుతాయి. నీడ పడ్డ భాగాన్ని తప్పించి కరెంటుకు పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు ఉంటాయి కాబట్టి మొత్తం పడిపోదు గానీ, చిన్న కొమ్మ నీడ కూడా ఒక ప్యానెల్‌లో మూడోవంతును నిద్రపుచ్చగలదు.

ఇన్వర్టర్‌కు ఆరు మార్కులెందుకంటే, ప్యానెల్‌కు 25 ఏళ్ల పనితీరు హామీ ఇస్తుంటే ఇది పది, పదిహేనేళ్లు నడిస్తే గొప్ప. మొత్తం వ్యవస్థలో అందరికన్నా ఎక్కువ వేడెక్కి కష్టపడేది ఇదే. లోపలి కెపాసిటర్లు, ఫ్యాన్లు అరుగుతాయి. మాది వారంటీ ముగిశాక ఎక్కువకాలం నిలవలేదు. వారంటీ ఉన్న రోజుల్లోనూ ఒకసారి బోర్డు పోతే, మంచి ఎండల్లో, ఆ కంపెనీ మనిషి కోసం ఎదురుచూపుతో వారాలు గడిచాయి. ఇన్వర్టర్ ఎంత చవక అని కాదు, చెడితే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారని అడగండి. దాన్ని ఎండ తగలని గోడకు బిగించండి.

గ్రిడ్‌కు కట్టిన మామూలు సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. బయట లైన్ మీద పనిచేసే మనిషికి మన మేడ నుంచి కరెంటు వెళ్లి షాక్ కొట్టకూడదని పెట్టిన రక్షణ అది. నెత్తిన ఎండ కాస్తుంటే ఇంట్లో ఫ్యాను తిరగదు. ఈ సంగతి చుట్టాలకు వివరించి వివరించి విసుగెత్తింది.

కోతల్లోనూ ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ ఉండాలి, ప్యానెళ్లను, బ్యాటరీని, గ్రిడ్‌ను కలిపి నడిపే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉండాలి. మొదట్లో బ్యాటరీ ఊసే ఎత్తలేదు. అప్పటి ధరలకు అది విలాసం. లిథియం బ్యాటరీల ధర 2010 తర్వాత దాదాపు పదో వంతుకు దిగింది. ఇన్వర్టర్ ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు హైబ్రిడ్ తీసుకుని చిన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టించాను. దీని లెక్క వేరు. బ్యాటరీ కరెంటు పుట్టించదు, పగటి యూనిట్‌ను రాత్రికి మోసుకెళ్తుంది, దారిలో పదో వంతు పోగొడుతుంది. గ్రిడ్‌కు పంపిన యూనిట్‌కు వచ్చేదానికి, సాయంత్రం కొనుక్కునే యూనిట్‌కు ఇచ్చేదానికి మధ్య తేడా ఈ మోతకూలి (బ్యాటరీ ఖరీదు, దారిలో పోయేది కలిపి) కన్నా ఎక్కువైతేనే లాభం. పంపిన యూనిట్‌కు కొన్న యూనిట్ లెక్క సరిపెట్టే నెట్ మీటరింగ్ ఉన్నచోట గ్రిడ్డే పైసా ఖర్చులేని బ్యాటరీ.

ఆ సదుపాయం ఎల్లకాలం అలాగే ఉంటుందని ఎవరూ అనుకోకండి. మధ్యాహ్నం ఊరంతా కరెంటు పంపితే ఆ వేళ దాని విలువ పడిపోక తప్పదు. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవాళ్లకు, పంపిన యూనిట్ మీద ఇచ్చే సొమ్ము సగటున 75 శాతం దాకా తగ్గించేశారు. అందుకే గ్రిడ్‌కు అమ్మి బాగుపడదామని కాక, పగలు ఇంట్లో ఎంత వాడగలమో చూసి సైజు ఎంచుకోవడం మేలు. మా ఇంట్లో నీళ్ల మోటారు, వాషింగ్ మెషిన్, గీజరు పది గంటల తర్వాతే. స్నానం ఆలస్యమవుతోందని కొన్నాళ్లు గొణిగారు, తర్వాత అలవాటైపోయింది.

బిల్లు ఇప్పటికే అడుగు శ్లాబులో ఉన్నవాళ్లు, ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారేవాళ్లు, పక్కన ఎత్తయిన భవనం లేచే సూచన ఉన్నవాళ్లు తొందరపడొద్దు. కప్పు కారుతున్నవాళ్లు ముందు ఆ పని చేయించుకోండి. ప్యానెళ్లు దించి, మరమ్మతయ్యాక మళ్లీ ఎక్కించే కూలీని ఏ కొటేషన్‌లోనూ చూపించరు.