మోడల్ రైళ్లకి చేత్తో కట్టిన టర్నవుట్లు కొంటున్నారా? బిగించకముందే మీటరు పెట్టండి

కోపంతో ఇంకా చేతులు వణుకుతున్నాయి. పేరు రాయను, ఈ మోడల్ రైళ్ల హాబీలో ఉన్నవాళ్లకి తెలిసిపోతుంది. "చేత్తో కట్టిన హెచ్‌ఓ టర్నవుట్లు, లైవ్ ఫ్రాగ్, డీసీసీకి రెడీ" అని పెట్టాడు చూడండి, అతనే. కొత్తవాళ్ల కోసం: టర్నవుట్ అంటే రైలు ఒక దారి నుంచి ఇంకో దారికి మళ్లే పట్టాల ముక్క, ఫ్రాగ్ అంటే అందులో రెండు పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటు, దానికీ కరెంటు ఉంటే లైవ్ ఫ్రాగ్. హెచ్‌ఓ ఒక మోడల్ సైజు, డీసీసీ అంటే పట్టాల ద్వారానే డిజిటల్ సంకేతాలు పంపి ఇంజన్లు నడిపే పద్ధతి. నా మోడల్ యార్డు కోసం 6 తీసుకున్నా, డబ్బు మొత్తం ముందే కట్టేశా.

మొదటిది బిగించి కరెంటు ఇవ్వగానే, పట్టాలకి కరెంటు అందించే బూస్టర్ ట్రిప్పయింది. పట్టాల మీద ఇంజను కూడా పెట్టలేదు. నా వైరింగే తప్పేమో అనుకుని రెండు రాత్రులు బల్ల కింద వెల్లకిలా పడుకుని పట్టాలకి కరెంటు తెచ్చే తీగలు (ఫీడర్లు) ఒక్కొక్కటే ఊడదీశా. పాయింట్లని, అంటే దారి మార్చే కదిలే పట్టాలని, జరిపే స్విచ్ మోటారు కూడా మార్చా. చివరికి టర్నవుట్‌నే పీకేసి, ఒక్క తీగ కూడా లేకుండా చేతిలో పట్టుకుని రెండు స్టాక్ రెయిల్స్‌కీ, అంటే బయటి పట్టాలకీ, మీటరు ఆనించా. బీప్ మంది, అంటే ఆ రెండూ లోపల కలిసే ఉన్నాయి.

రాగి పూత స్లీపర్లకి (పట్టాల కింది అడ్డ పట్టీలకి) పట్టాలు సోల్డర్ చేస్తాం కాబట్టి, రెండు పట్టాల మధ్య ప్రతి స్లీపర్ మీదా ఆ రాగిని పూర్తిగా కోసి తెంపాలి. బ్లేడు మొనతో గోధుమ రంగు గీకి చూశా. గాడి ఉంది, కానీ పైపైనే. అడుగున రాగి తళతళా మెరుస్తోంది. రెండు స్లీపర్లకైతే గీతే లేదు, రంగు పూసి కప్పేశాడు. ఫ్రాగ్‌కి రెండు చివరలా పట్టా తెంపాలి కదా, అదీ ఒక చివరే. పాయింట్లు మారినప్పుడల్లా మోటారు కాంటాక్టుల నుంచి ఫ్రాగ్‌కి కరెంటు మారి రావాలి. విడిగా లేని ఫ్రాగ్‌కి ఆ తీగ కలిపితే షార్టే.

వీడియో తీసి పంపా. మార్చి ఇవ్వండి, లేదంటే డబ్బు వెనక్కివ్వండి అని మర్యాదగానే అడిగా. వచ్చిన జవాబు: "వైరింగ్ రానివాళ్లు ప్లాస్టిక్ సెట్లు కొనుక్కోవాలి." అయ్యా, తీగే లేని ముక్కకి వైరింగ్ ఏంటి? అది టైపు చేసేలోపే బ్లాక్ చేశాడు.

ప్రకటనలో ఫొటో మళ్లీ తెరిచి చూశా. ఆ టర్నవుట్‌కి రంగు లేదు, ప్రతి స్లీపర్ మీదా కోత శుభ్రంగా కనబడుతోంది. అంటే ఎలా కట్టాలో అతనికి బాగా తెలుసు. తెలిసి కూడా నాకు ఇవి పంపాడు. నాకు తట్టుకోలేకుండా ఉన్నది అదే.

నా తప్పూ ఉంది. పార్సిల్ విప్పిన రోజే మీటరు పెట్టుంటే నిమిషంలో తేలిపోయేది. రంగు చూసి మురిసిపోయి పక్కన పెట్టేశా.

కొనేవాళ్లు రంగు వేయనివే అడగండి. రాగానే రెండు స్టాక్ రెయిల్స్ మధ్యా, ఫ్రాగ్‌కీ దాని చుట్టూ ఉన్న ప్రతి పట్టాకీ మధ్యా, పాయింట్లు రెండు వైపులా మార్చి చూడండి. ఎక్కడ బీప్ మన్నా వెనక్కి పంపేయండి. చక్రం అంచు (ఫ్లాంజ్) దూరే సందులకి ఎన్‌ఎంఆర్‌ఏ గేజ్ (అమెరికా మోడల్ రైలు సంఘం వాళ్ల కొలత పలక) కూడా పెట్టండి.

సన్నని రంపంతో నేనే ఒక్కో స్లీపర్‌నీ కోస్తున్నా. మూడో టర్నవుట్ దాకా వచ్చా, దాని ఫ్రాగ్ ఇంకా బీప్ మంటూనే ఉంది.