సైన్స్ టీచర్ వేసవి శిక్షణ: కిట్టా, ల్యాబా, పిల్లల జవాబు పత్రాలా?

చివరి పరీక్ష పేపర్లు దిద్దడం పూర్తికాకముందే వేసవి శిక్షణల ప్రకటనలు రావడం మొదలవుతుంది. మూడు రోజుల రోబోటిక్స్ వర్క్‌షాప్, ఎనిమిది వారాల పరిశోధన ల్యాబ్, ముప్పై గంటల ఆన్‌లైన్ కోర్సు, రెండు వారాల బోధన శిబిరం. సైన్స్ టీచర్‌కు ఏడాది మొత్తంలో తనదంటూ మిగిలే కాలం ఆ సెలవులే. ఇంటి పనులకూ విశ్రాంతికీ పోగా మిగిలిన రోజులను ఎక్కడ వెచ్చించాలన్నది తేలికగా తేల్చేసే విషయం కాదు. ఇన్నేళ్లలో నేను ఈ నాలుగు రకాలకూ వెళ్లాను, కొన్నింటిలో శిక్షణ ఇచ్చాను కూడా. వాటిని పోల్చడానికి నా దగ్గరున్న కొలబద్ద ఒక్కటే: బడి తెరిచిన మూడో నెలలో నా తరగతిలో ఏం మారింది?

చిన్న వర్క్‌షాప్ సంగతి ముందు చెప్పేస్తాను. రెండు మూడు రోజులు ఉత్సాహంగా గడుస్తాయి. కిట్ చేతికిస్తారు, కాగితంలో ఉన్న కోడ్ ఎక్కిస్తాం, చక్రాలు తిరుగుతాయి, అందరం చప్పట్లు కొడతాం. ఇంటికి వచ్చాక ఆ కిట్ బీరువాలోకి చేరుతుంది, ఎందుకంటే మనం చెప్పాల్సిన పాఠాల్లో అది ఎక్కడ ఇముడుతుందో అక్కడ ఎవరూ చర్చించలేదు. దీని మీద గట్టి ఆధారమే ఉంది. టీచర్ల శిక్షణ మీద జరిగిన 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టిన ఒక సమీక్ష 2007లో వచ్చింది. కఠినమైన ప్రమాణాలకు నిలిచినవి అందులో తొమ్మిదే. ఆ తొమ్మిదింటిలో టీచర్లు సగటున 49 గంటల శిక్షణ పొందారు. వాళ్ల దగ్గర చదివితే 50వ పర్సంటైల్‌లో, అంటే వందమందిలో యాభై మంది కన్నా ముందు, ఉండే సగటు విద్యార్థి 71కి చేరగలడని లెక్క తేలింది. 14 గంటలు, అంతకన్నా తక్కువ శిక్షణ ఉన్న చోట మాత్రం చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. రెండు రోజుల వర్క్‌షాప్‌లో టీ విరామాలు తీసేస్తే మిగిలేది దాదాపు ఆ 14 గంటలే. ఒక కొత్త పరికరం వాడటం నేర్చుకోవడానికి అది సరిపోతుంది. బోధన మారడానికి చాలదు.

ఆన్‌లైన్ కోర్సు గురించి ఎక్కువ చెప్పను. మరచిపోయిన విషయాన్ని మళ్లీ గట్టిపరుచుకోవడానికి మంచిదే. జీవశాస్త్రం చదివిన టీచర్ భౌతికశాస్త్రం చెప్పాల్సి వచ్చినప్పుడైతే చాలా మేలు చేస్తుంది. అయితే ఒంటరిగా చూసే వీడియోలో మన పొరపాటును పట్టి చూపే మనిషి ఉండరు. అదే బడి నుంచి ఇద్దరు ముగ్గురు కలిసి చేస్తే సగం లోటు తీరుతుంది.

అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే ఉంది.

ల్యాబ్ వైపు మొగ్గేవారి వాదన నాకు ఎంతో ఇష్టం. సైన్స్ చెప్పేవాళ్లలో చాలామందిమి సైన్స్ చేసి ఉండం. మనం చదువుకున్న ప్రయోగాలన్నిటికీ జవాబు ముందే తెలుసు. నేను ఒక వేసవి నీటి నాణ్యత మీద పనిచేసే ల్యాబ్‌లో గడిపాను. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను సెన్సర్‌తో కొలవడం నా పని. మొదటి పది రోజులు రీడింగులు నిలకడగా రాలేదు. ఒకే నీటిలో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి. నీటిలోనే ఏదో మారుతోందని నోటుపుస్తకం నిండా కారణాలు రాశాను. పదకొండో రోజు నా పక్కన పనిచేసే పరిశోధక విద్యార్థిని సెన్సర్‌ను తలకిందులుగా పట్టుకుని వెలుతురుకు ఎదురుగా చూపించింది. పొర కింద ఆవగింజంత గాలిబుడగ. నేను రాసిన కారణాలన్నీ ఆ బుడగతోనే పోయాయి. ఆ తర్వాత నా తరగతిలో ఏ విద్యార్థి ప్రయోగం తప్పు ఫలితం ఇచ్చినా "సరైన విలువ ఇది, రాసుకో" అనడం మానేశాను. "పరికరాన్ని ఎలా నమ్ముతున్నావు?" అని అడగడం అలవాటైంది. ఇది ఏ వర్క్‌షాప్‌లోనూ దొరకదు.

దీనికి లెక్కలూ ఉన్నాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం సైన్స్ టీచర్లను వరుసగా రెండు వేసవులు, ఒక్కో వేసవిలో ఎనిమిది వారాలు, పరిశోధన ల్యాబుల్లో పనిచేయించేది. దాని ఫలితాలు 2009లో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. ఆ టీచర్ల విద్యార్థులకూ మిగతా టీచర్ల విద్యార్థులకూ రాష్ట్ర సైన్స్ పరీక్ష ఉత్తీర్ణతలో మొదట తేడా లేదు. టీచర్ ఆ కార్యక్రమంలో చేరిన మూడో, నాలుగో ఏడాదికి వచ్చేసరికి వీళ్ల ఉత్తీర్ణత రేటు 10.1 శాతం ఎక్కువగా నమోదైంది. మొదటి ఏడాదే ఫలితం అడిగేవాళ్లు ఈ మూడు, నాలుగు అన్న అంకెలను గమనించాలి. ఇంకొకటి కూడా గమనించాలి. ఆ కార్యక్రమంలో వారానికొక రోజు టీచర్లంతా ల్యాబులు వదిలి ఒకచోట చేరి, నేర్చుకున్నదాన్ని తరగతికి ఎలా తీసుకెళ్లాలో చర్చించుకునేవారు. ఆ ఒక్క రోజును తీసేసి, మిగిలినదాన్ని మాత్రమే అనుకరించే కార్యక్రమాలు చాలా ఉన్నాయి. అక్కడికి వెళ్లిన టీచర్ నెల రోజులు గాజు పరికరాలు కడిగి, ఒక పోస్టర్ అతికించి తిరిగి వస్తారు.

ఇక బోధన శిబిరం. ఇక్కడ కొత్త సైన్స్ తక్కువగా, పాత సైన్స్ లోతుగా ఉంటుంది. నేను వెళ్లిన ఒక శిబిరంలో మొదటి రోజు అందరికీ ఒక టార్చి బల్బు, ఒక సెల్, ఒకే ఒక తీగ ఇచ్చారు. బల్బు వెలిగించమన్నారు. ఇరవై మందిమీ డిగ్రీలు ఉన్నవాళ్లమే. ఓమ్ సూత్రం నిద్రలో అడిగినా చెప్పగలం. తీగను సెల్ ఒక కొన నుంచి బల్బు అడుగు బొడిపెకు కలిపి, వెలగక, తీగ పాడైందేమోనని మార్చి చూశాం. బల్బుకు రెండు స్పర్శ స్థానాలు ఉంటాయనీ, ఒకటి అడుగు బొడిపె, రెండోది పక్కనున్న మరల (స్క్రూ గాడుల) లోహమనీ, ఫిలమెంటు ఒక్కో కొన ఒక్కోదానికి కలిసి ఉంటుందనీ మాలో చాలామందికి అప్పుడే తట్టింది. బొడిపెను సెల్ మీద ఆనించి, మరల భాగం నుంచి తీగను సెల్ రెండో కొనకు తెచ్చాక వెలిగింది. తర్వాత ఒక విద్యార్థి జవాబు పత్రం చేతికిచ్చారు: "బల్బు కొంత కరెంటు తినేస్తుంది, మిగిలింది రెండో తీగలో వెనక్కి వస్తుంది." దాని కింద బాణాలతో బొమ్మ. వెళ్లే బాణం లావు, వచ్చే బాణం సన్నం. ఈ అమ్మాయికి మీరు ఏం చెబుతారు అన్నది ప్రశ్న. ఒకరు నిర్వచనం చెబుతామన్నారు. ఇంకొకరు బల్బుకు ఇరువైపులా కరెంటు కొలిచే అమ్మీటర్ పెడతామన్నారు. రెండు చోట్లా ఒకే రీడింగ్ వస్తే, మరి సెల్ ఎందుకు అయిపోతుంది అని ఆ అమ్మాయి అడుగుతుంది కదా అన్నారు మరొకరు. తరిగేది కరెంటు కాదు, సెల్‌లోని రసాయన శక్తి అన్న మాట దాకా రావడానికి మాకు పూట పట్టింది. ఆ పూట నా బోధనలో ఇప్పటికీ మిగిలే ఉంది.

దీనికీ ఆధారం ఉంది. 181 మంది టీచర్లు, 9,556 మంది విద్యార్థులతో జరిగిన ఒక అధ్యయనం 2013లో వచ్చింది. అందులో టీచర్లు సరైన జవాబు గుర్తించడమే కాక, పిల్లలు ఎక్కువగా ఎంచుకునే తప్పు జవాబు ఏదో కూడా చెప్పాలి. బలమైన అపోహ ఉన్న ప్రశ్నల్లో, సరైన జవాబు ఒక్కటే తెలిసిన టీచర్ల కంటే, పిల్లల తప్పును కూడా ఊహించగలిగిన టీచర్ల తరగతులు ఎక్కువ నేర్చుకున్నాయి.

1957లో సోవియట్ యూనియన్ తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరాక అమెరికా వేల మంది టీచర్లను వేసవిలో విశ్వవిద్యాలయాలకు పంపింది. అక్కడ ప్రధానంగా చెప్పింది విషయ పరిజ్ఞానమే. టీచర్‌కు సైన్స్ ఎక్కువ వస్తే పిల్లలకూ వస్తుందన్న ఆ నమ్మకం ఇప్పటికీ చాలా శిక్షణలను నడిపిస్తోంది. దాన్ని నేరుగా పరీక్షించిన ప్రయోగం ఫలితాలు 2017లో వచ్చాయి. ప్రాథమిక పాఠశాల పై తరగతుల టీచర్లను రెండు జట్లు చేశారు. రెండింటికీ దాదాపు 88 గంటలు ఇచ్చారు. ఒక జట్టు విషయ పరిజ్ఞానాన్ని లోతుగా నేర్చుకుంది. రెండో జట్టు విషయంతో పాటు తరగతి వీడియోలను, పిల్లల మాటలను విశ్లేషించింది. వేసవి శిబిరం ముగిశాక బడి నడుస్తున్నప్పుడూ సమావేశాలు కొనసాగాయి. రెండో జట్టు విద్యార్థులే ముందు నిలిచారు. గంటలు సమానమే కాబట్టి, తేడా గంటలది కాదు.

అందుకే ఒక్కదానికే వీలున్న టీచర్‌కు నేను బోధన శిబిరాన్నే సూచిస్తాను, బడి తెరిచాక కూడా కలుసుకునే ఏర్పాటు ఉంటేనే. ప్రాథమిక, మాధ్యమిక తరగతులు చెప్పేవాళ్లకైతే ఇందులో నాకు సందేహమే లేదు. పెద్ద తరగతులకు చెబుతూ, పిల్లల చేత ప్రాజెక్టులు చేయించే టీచర్, ఇప్పటివరకు జవాబు తెలియని ప్రయోగం ఒక్కటీ చేయకపోతే, రెండు వేసవులు ఇవ్వగలిగితే, ల్యాబ్‌కు వెళ్లాలి. రెండు మూడు వారాల ల్యాబ్ సందర్శనను దీనితో కలపకండి. జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ 1998 నుంచి వేసవిలో టీచర్ల కార్యక్రమం నడుపుతోంది. ఉపన్యాసాలు, సందర్శనలతో అది కొత్త ఊపిరి పోస్తుంది, వెళ్లే అవకాశం వస్తే వదులుకోవద్దు. అయితే అది ల్యాబ్‌లో పరిశోధన చేసిన అనుభవానికి బదులు కాదు.

దరఖాస్తు నింపే ముందు నిర్వాహకులకు ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. బడి తెరిచాక మనం మళ్లీ ఎప్పుడు కలుస్తాం? నా విద్యార్థుల జవాబు పత్రాలు వెంట తెచ్చుకోవచ్చా? రెండో ప్రశ్నకు సంతోషంగా "తెండి" అన్నవాళ్ల దగ్గరికి వెళ్లండి. సెలవులు ఇచ్చే రోజున ఆ పత్రాలను పాత కాగితాల్లో కలపకుండా ఒక ముప్పై పక్కన పెట్టుకోండి, ముఖ్యంగా తప్పులున్నవి.