కామడోర్స్: ఫంక్ రోజులు మేలా, ప్రేమపాటల రోజులు మేలా?

అమెరికన్ గాయకుడు లయొనెల్ రిచీ పేరు విన్న చాలామందికి, అతను మొదట పాడిన కామడోర్స్ అంటే పియానోతో నెమ్మదిగా సాగే ప్రేమపాటల బృందమే. వాళ్లకు 1974 నాటి మొదటి ఆల్బమ్ ‘మెషిన్ గన్’ వినిపిస్తే ఇది ఆ బృందమేనా అని అడుగుతారు. దాని టైటిల్ ట్రాక్‌లో పాడే గొంతే లేదు. మిలన్ విలియమ్స్ కీబోర్డు మీద టకటకా పరుగెత్తించే వరస, దాన్ని వెంటాడే బేస్ గిటార్, డ్రమ్స్, అంతే. ఇది ఫంక్, అంటే తాళమే ముందుండి ఆడించే సంగీతం. నాలుగేళ్లు తిరిగేసరికి ఇదే బృందం పెళ్లి విందుల్లో జంటలు చేతులు పట్టుకుని ఆడే పాట చేసింది. ఈ మార్పు వాళ్లను బాగుచేసిందా, చెడగొట్టిందా అన్న వాదన నల్లజాతి అమెరికన్ల సోల్ సంగీతం ఇష్టపడేవాళ్ల మధ్య ఇప్పటికీ తెగలేదు.

వీళ్లు 1968లో అలబామాలోని టస్కిగీ ఇన్‌స్టిట్యూట్‌లో కలిసిన కుర్రాళ్లు. మైకేల్ జాక్సన్ అన్నదమ్ముల బృందం జాక్సన్ 5 కచేరీలకు ముందు వాయిస్తూ వేల మంది ముందు రాటుదేలారు. 1972లో మోటౌన్ అనే రికార్డు కంపెనీలో చేరారు. అప్పటికి రిచీ ముఖ్యంగా శాక్సోఫోన్ వాయించేవాడు. డ్రమ్స్ వాయించే వాల్టర్ ఆరెంజ్ కూడా పాడేవాడు. గిటార్ థామస్ మెక్‌క్లారీది, బేస్ రోనాల్డ్ లాప్రెడ్‌ది, ట్రంపెట్ విలియం కింగ్‌ది. ఈ పేర్లన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అసలు పోలిక ఇక్కడే ఉంది.

ఫంక్‌లో పాట ఒక్కడిది కాదు. తాళంలో మొదటి దెబ్బ మీద అందరూ కలిసి దిగుతారు, ఆ తర్వాత ఎవరి దారిలో వాళ్లు నడుస్తారు. గిటార్ రాగం పలికించడం కంటే తీగల్ని చిటచిటలాడిస్తూ తాళానికి పదును పెడుతుంది. బేస్ ఆగిన చోట ట్రంపెట్ దూరుతుంది. ఆరుగురిలో ఒకణ్ణి తీసేస్తే పాట కుంటుతుంది. మెక్‌క్లారీ రాసిన ‘స్లిప్పరీ వెన్ వెట్’ (1975) హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి బేస్ మీద, ఇంకోసారి గిటార్ మీద మనసు పెట్టి వినండి, రెండుసార్లూ వేర్వేరు పాటలు విన్నట్టుంటుంది.

అయితే డబ్బు సంగతి కూడా చూడాలి. ఆ పాట నల్లజాతి శ్రోతల ఆర్ అండ్ బి చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది, పాప్ చార్టులో మాత్రం 19 దగ్గర ఆగిపోయింది. అదే ఏడాది వచ్చిన నెమ్మది పాట ‘స్వీట్ లవ్’ పాప్ చార్టులో 5కి ఎక్కింది. ఫంక్‌ని పెద్దగా పట్టించుకోని పాప్ రేడియో ప్రేమపాటకు తలుపు తీసింది. కాబట్టి రిచీ ఒక్కడే స్వార్థంతో బృందాన్ని పక్కదారి పట్టించాడనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ దారిలో అందరికీ తిండి ఉంది.

పైగా ప్రేమపాట రాయడం తేలికేమీ కాదు. ‘ఈజీ’ (1977) వినండి. పియానో, బేస్ మెల్లగా మొదలుపెడతాయి, రిచీ గొంతు ఎక్కడా తొందరపడదు. మధ్యలో మెక్‌క్లారీ గిటార్ గరుకు గొంతుతో అందుకుంటుంది, అంతవరకూ లోపల అణచుకున్నదంతా అక్కడ బయటపడుతుంది. పాట రాసింది రిచీ ఒక్కడే, కానీ వాయించింది మాత్రం బృందం. అదే ఆల్బమ్‌లో ‘బ్రిక్ హౌస్’ ఉంది: ఆరెంజ్ పాడిన, కాళ్లు కదలకుండా వినలేని ఫంక్. రచయితలుగా ఆరుగురి పేర్లూ ఉన్నాయి. ఈ రెండు పాటలూ ఒకే రికార్డులో ఇమిడిన ఏడాది 1977. నా దృష్టిలో కామడోర్స్ శిఖరం అదే.

1978లో ‘త్రీ టైమ్స్ ఎ లేడీ’ అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ నంబర్ వన్ అయింది. తిశ్ర నడకలో సాగే వాల్ట్‌జ్, రాగం చక్కగా ఉంది, రిచీ మనసుపెట్టి పాడాడు. కానీ పియానో, ఆ గొంతు ఉంటే పాట నిలబడిపోతుంది. లాప్రెడ్ బేస్ వేళ్లకు, ఆరెంజ్ చేతులకు అక్కడ పని తక్కువ. మరుసటి ఏడాది ‘స్టిల్’ కూడా నంబర్ వన్ అయింది, అందులోనూ ఇదే పరిస్థితి. ‘సెయిల్ ఆన్’ నాకు వీటికంటే నచ్చుతుంది, ఆ కంట్రీ సంగీతపు వాసన రిచీ గొంతుకు సరిగ్గా కుదిరింది. 1980లో కంట్రీ గాయకుడు కెన్నీ రోజర్స్‌కు రాసిచ్చిన ‘లేడీ’, 1981లో డయానా రాస్‌తో పాడిన ‘ఎండ్‌లెస్ లవ్’ రెండూ బృందంతో పనిలేకుండానే నంబర్ వన్‌లయ్యాయి. 1982లో రిచీ బయటికి వెళ్లిపోయాడు. అప్పటికే పాటల్లో ఆ విడిపోవడం జరిగిపోయింది.

అందుకే రెండిటిలో ఒకటే ఎంచుకోమంటే నేను ఫంక్ వైపే ఉంటాను. నెమ్మది పాటలు తక్కువవని కాదు. రిచీ సోలోగా అలాంటివి ఎన్నో ఇచ్చాడు, వాటికి కామడోర్స్ అక్కర్లేదు. ‘స్లిప్పరీ వెన్ వెట్’కి మాత్రం ఆ ఆరుగురే కావాలి. మీకు మాటలు, రాగం ముఖ్యమైతే, రాత్రిపూట ఒంటరిగా వినేవాళ్లయితే, 1978, 79 పాటలే మీకు దగ్గరవుతాయి, అందులో తప్పేమీ లేదు. కొత్తగా వినబోయేవాళ్లు మాత్రం 1977 ఆల్బమ్‌తో మొదలుపెట్టండి.

ఇంకో పాటను మరిచిపోకూడదు. 1984లో సోల్ గాయకులు మార్విన్ గే, జాకీ విల్సన్ చనిపోయారు. ఆ ఇద్దరినీ తలుచుకుంటూ 1985లో ‘నైట్‌షిఫ్ట్’ వచ్చింది. రిచీ లేడు, ఆరెంజ్, కొత్తగా చేరిన జె.డి. నికొలస్ పాడారు. దానికి గ్రామీ వచ్చింది. నెమ్మది పాటే, దుఃఖం ఉన్న పాటే, కానీ కింద బేస్ ఎక్కడా ఆగదు, వింటుంటే తల దానంతటదే ఊగుతుంది. ఫంక్ వదలకుండా నెమ్మదించడం ఈ బృందానికి వచ్చు అనడానికి నేను చూపించే పాట ఇదే.